తెప్పల పట్నం తల్లి ఫైలు

ఆశ్వయుజ బహుళ తదియ

తుఫాను దాటిపోయింది. పొద్దున్నే నీటి పళ్ళాల తెప్ప ఎక్కి చూస్తే ప్రతి గాజు మూత మీదా ఉప్పు పేరుకుపోయి ఉంది. పళ్ళెంలో పోసిన సముద్రపు నీళ్ళు ఎండకు ఆవిరై, మూతకు లోపల మంచినీళ్ళుగా పట్టి, గొట్టంలోకి జారాలి. మూత మీద ఉప్పు ఉంటే ఎండ దిగదు. ఎండ దిగకపోతే ఊరికి తాగునీళ్ళు లేవు. అందుకని రోజంతా గోనెగుడ్డతో రుద్దడమే నా ఉద్యోగం. బతుకంతా అక్షరాలు పేర్చినవాడికి ముసలితనంలో ఊరు చేసిన సన్మానం ఇది. ఇచ్చేటప్పుడు "మేష్టారికి చల్లగాలిలో విశ్రాంతి" అన్నారు. అన్న నోరు ఎవరిదో నాకు గుర్తుంది.

తెప్పలు తిరిగొస్తున్నాయి. గాలివాన వచ్చే ముందు మా ఊరు కట్లు విప్పేసుకుంటుంది. కలిసి ఉంటే ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలిపోతాయి. విడివిడిగా మడ అడవి పాయల్లో దూరితే బతుకుతాయి. గాలి తగ్గాక ముందొచ్చిన తెప్ప, మధ్యలో కదలకుండా ఉండే తల్లి తెప్ప పక్కన కట్టుకుంటుంది. తర్వాత వచ్చింది దాని పక్కన. మళ్ళీ గాలివాన వచ్చేదాకా సభలో మాట్లాడే వరస అదే, ఊరి పుస్తకంలో అధ్యాయాల వరసా అదే. ఇప్పుడు నీళ్ళ కింద ఉన్న పల్లెల్లో ఎవరు ముందు నిలబడాలి, ఎవరు వెనక నిలబడాలి అని మా ముత్తాతలు తలలు పగలగొట్టుకున్నారట. నీళ్ళ మీదికొచ్చాక ఆ పంచాయితీ గాలికి వదిలేశారు. ఈ ఊళ్ళో నాకు నచ్చిన ఆచారం ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఈసారి అందరికన్నా ముందు వచ్చింది పురుడు తెప్ప. నొప్పులు పడుతున్న మనిషి మీద ఉండడంతో దూరం పోలేక దగ్గరి పాయలోనే ఆగిపోయిందట. ఎప్పుడూ చిట్టచివర వేలాడే తెప్ప ఇవాళ తల్లి తెప్పను ఆనుకుని నిలబడింది. మంత్రసాని సత్యవేణి తాడు ముడేస్తూ నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ఆడపిల్లండి బాబాయ్! తల్లీ పిల్లా కులాసా!"

నేనూ చెయ్యి ఊపాను. గుడ్డ పిండుకుంటూ మాత్రం ఒకటే అనుకున్నాను. చివరి అధ్యాయం మొదటికొచ్చింది. త్రినాథ్ పని అయిపోయింది.

బహుళ షష్ఠి

మట్టపర్తి త్రినాథ్ అచ్చు తెప్పకు అధిపతి. నా దగ్గర పని నేర్చుకుని, నన్నే పళ్ళాల మీదికి పంపినవాడు. నా కాలంలో ప్రతి తెప్పా తన అధ్యాయాన్ని తన దగ్గరే విడి ఫైలుగా ఉంచుకునేది. నేను అచ్చు యంత్రంతో వాటిని కలిపేవాణ్ణి. వాడు తీరం నుంచి "ఏకం" అనే కొత్త యంత్రం తెచ్చాడు. "ఒకే ఊరు, ఒకే ఫైలు" అని నినాదం కట్టాడు. అన్ని తెప్పల రాతల్నీ ఒక్క ముద్ద చేసి అందులో పోశాడు. ఊరు చప్పట్లు కొట్టింది.

ఇవాళ సభ. మేం తీర మండలికి పంపిన పుస్తకానికి జవాబు వచ్చింది.

నది సముద్రంలో కలిసే చోట నిలబడాలంటే తెప్పకు లంగరు హక్కు ఉండాలి. దాన్ని నేల మీదున్న తీర మండలి తరానికోసారి ఇస్తుంది. మేం ఇక్కడే బతుకుతున్నామనీ, ఈ నీళ్ళలో ఫలానా పని చేస్తున్నామనీ ప్రతి తెప్పా ఒక అధ్యాయం రాసుకోవాలి. రాసిన ప్రతి మాటకూ మూలం చూపాలి. మండలి దగ్గర శోధకి అనే యంత్రం ఉంది. వాక్యం పక్కనున్న నంబరు పట్టుకుని మూలాల జాబితాకు పోతుంది. అక్కడున్న దస్తావేజు నిజంగా ఆ మాట చెబుతోందా అని చూస్తుంది. చెప్పకపోతే ఆ తెప్ప వాదన కొట్టేస్తుంది. లంగరు దొరకని తెప్ప బయటి సముద్రంలోకి పోవాల్సిందే.

ఊరిని నడిపే పెద్ద సరంగు చింతా భూలోకం మైకు పుచ్చుకుని జవాబు చదివాడు. నేల మీద అడుగు పెట్టకుండా పెరిగిన మనిషికి ఆ పేరు పెట్టిన తల్లిదండ్రుల హాస్యం నాకిష్టం.

"పురుడు తెప్ప మీద ప్రసవించిన తల్లులు క్షేమముగా నున్నారను వాక్యమునకు రుజువుగా పీతల బోనుల మరమ్మతు నివేదిక చూపబడినది. కావున సదరు తెప్ప వాదన కొట్టివేయడమైనది. కార్తీక పౌర్ణమి విచారణలో సరియైన గ్రంథము సమర్పించని యెడల లంగరు హక్కు లేదు."

చేపల వేట తెప్ప సరంగు ఓలేటి నూకరాజు పడీ పడీ నవ్వాడు.

"ఏటండీ, మా పీతల బోనుల్లో పురుళ్ళు పోసేత్తన్నారా?"

"నీ పిల్లలిద్దరూ ఆ బోనుల్లోనే పడ్డారు నూకరాజూ. మర్చిపోయేవేటి?" అంది సత్యవేణి. వాడి నవ్వు ఆగిపోయింది. ఆమె త్రినాథ్ వైపు తిరిగింది. "చూడండి. నన్ను బయటి సముద్రంలోకి తోసేత్తే నొప్పులొచ్చిన పిల్ల నా దగ్గరికెలా వత్తాదండి? ఈదుకుంటా వత్తాదా? మజ్జిదారిలోనే పోద్ది."

"కంగారు పడకమ్మా. నంబర్లు కాస్త జరిగేయి, అంతే. సర్దేస్తాను" అన్నాడు త్రినాథ్.

కాస్త జరిగాయట! ఏం జరిగిందో నాకు పళ్ళాల మీద నిలబడే అర్థమైంది. ఏకంలో మూలాల జాబితా తెప్పల వరసలో ఉంటుంది. యంత్రం దానికి పైనుంచి కిందికి నంబర్లు వేస్తుంది. రాసేవాళ్ళు ఆ నంబరు చూసి వాక్యం పక్కన చేత్తో కొట్టేశారు. "కనబడతానే ఉందిగా, వేసేయండి" అని నేర్పిన మహానుభావుడు త్రినాథే. తుఫాను తర్వాత వరస మారింది కాబట్టి వాడు పురుడు తెప్ప అధ్యాయాన్ని కోసి ముందుకు అతికించాడు. జాబితా కదిలింది, దాని నంబర్లు మారాయి. వాక్యాల పక్కన చేత్తో కొట్టినవి మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. పురుళ్ళ రిజిస్టరు కూర్చున్న చోట పీతల బోనులు వచ్చి కూర్చున్నాయి.

గాలి వీచినప్పుడల్లా వరస మారే ఊళ్ళో నంబర్లు చేత్తో రాసుకున్నారు. నేను చాలా చదివాను. చాలా ఊళ్ళ మూర్ఖత్వం గురించి చదివాను. ఇంత సొంతమైన మూర్ఖత్వం ఇంకెక్కడా చదవలేదు.

ఇంకో సంగతి కూడా అక్కడెవరికీ తట్టలేదు. శోధకి మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. పురుడు తెప్ప మొదట ఉంది కాబట్టి దెబ్బ దానికి తగిలింది. వెనకనున్న అధ్యాయాలన్నీ అదే రోగంతో ఉన్నాయి. నన్నెవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

బహుళ ఏకాదశి

పళ్ళాలు రుద్దాను. గొట్టం బిగించాను. కింద అచ్చు తెప్పలో అరుపులు వింటూ కూర్చున్నాను. ఈ మధ్య ఇంత మంచి సంగీతం వినలేదు.

త్రినాథ్ మనుషుల్ని పెట్టి పురుడు తెప్ప నంబర్లు చేత్తో సరిచేయించాడు. మండలి వాళ్ళ ముందస్తు పరీక్షకు పంపాడు. శోధకి మొదటి అధ్యాయం దాటి రెండో దాని మీద పడింది. బడి తెప్ప వాళ్ళు "మా పిల్లలందరికీ చదవడం వచ్చు" అని రాసిన వాక్యానికి రుజువు ఎండుచేపల నిల్వ విధానం. అది సరిచేస్తుండగా బడివాళ్ళకు ఇంకో మంచి దస్తావేజు దొరికింది. దాన్ని జాబితా మధ్యలో దూర్చారు. దాని కింద ఉన్న నంబర్లన్నీ ఒక్కో మెట్టు దిగాయి. సరిచేసినవి కూడా చెడిపోయాయి. మళ్ళీ పంపితే ఈసారి నూకరాజు వంతు. తరాల నుంచి ఈ నీళ్ళలో వేట చేస్తున్నామన్న మాటకు రుజువు, బాలింతల పథ్యం.

"నన్ను బాలింతని చేసేరండీ!" అని నూకరాజు తెప్ప అదిరేలా అరిచాడు. "ఒకటి బాగు చేత్తే రెండు చెడగొడతన్నారు. ఇదేం యంత్రవండి బాబూ, దెయ్యం పట్టినట్టు?"

"మీరు ఊరికే మధ్యలో పెట్టకండి. నేను చెప్పేదాకా ఎవరూ ఏమీ కలపకండి" అని త్రినాథ్.

"మా తెప్ప మాట మేం రాసుకోడానికి నీ పర్మిషనేటి?" అని బడి పంతులమ్మ.

సాయంత్రం సత్యవేణి పళ్ళాల మీదికొచ్చింది. చేతిలో చెంబు ఉంది. నీళ్ళ కోసం వచ్చినట్టు నటించే ఓపిక కూడా లేక దాన్ని కింద పెట్టేసింది.

"బాబాయ్, మీకు తెలుసు. మీరు మాట్టాడరేంటండి?"

"నన్ను అడిగిందెవరు?"

"నేను అడుగుతన్నాను కదండి."

"నన్ను పంపింది నువ్వు కాదు. పంపినవాడు అడగాలి."

"ఆయన రాడు బాబాయ్. చచ్చినా రాడు."

"అయితే పున్నమి దాకా పళ్ళాలు రుద్దుకుంటాను."

ఆమె నా మొహం వైపు చూసింది. "మీ పంతం ముద్దుగానే ఉందండి. పున్నమి నాడు నా తాడు కోసేత్తారు కదా, ఇక్కడినుంచి బాగా కనబడుద్ది. చూసి మురుసుకోండి" అంది.

ఈ ఊళ్ళో నాతో ఇలా మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. ఉండివుంటే నేను ఇంత పాడయ్యేవాణ్ణి కాదేమో. వెళ్ళిపోతున్నదాన్ని ఆపి ఒక్క పని చెప్పాను. నీ అధ్యాయాన్ని ఏకంలోంచి బయటికి లాగి నీ దగ్గరే ఉంచుకో. నంబర్లన్నీ చెరిపెయ్. నంబరు ఉన్న ప్రతిచోటా ఆ మూలానికి ఒక ఆనవాలు పేరు రాయి. ఆ పేరు నీ తెప్ప పేరుతో మొదలవ్వాలి, "పురుడు-రిజిస్టరు", "పురుడు-మందులు" అలాగ. ఏ పేరు ఏ దస్తావేజుదో ఇంకో చిన్న ఫైలులో రాసి పెట్టుకో.

"నంబర్లు లేకపోతే శోధకి ఎలా చూత్తాదండి?"

"నంబర్లు వేయడం మనుషుల పని కాదమ్మా. నువ్వు పేరు రాయి."

అమావాస్య

దీపావళి. తెప్పల మీద టపాకాయలు నిషేధం. కొబ్బరి చిప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదిలారు. పెద్ద సరంగు భూలోకం మధ్యాహ్నమే పళ్ళాల మీదికెక్కి వచ్చాడు, అరిసెల పొట్లంతో.

"నీలాచలం గారూ, ఊరు ఆపదలో ఉందండి."

"ఊరు ఎప్పుడూ ఆపదలోనే ఉంటుంది. అరిసెలు ఎవరు చేశారు?"

"మా ఆవిడండి. అదలా ఉంచండి. మీరు దిగి రావాలి."

దిగి వస్తానన్నాను. నా షరతులు చెప్పాను. ఒకటి, త్రినాథ్ స్వయంగా వచ్చి అడగాలి. రెండు, "ఒకే ఊరు, ఒకే ఫైలు" అన్న బోర్డు అచ్చు తెప్ప గుమ్మం మీంచి దించాలి. మూడు, విచారణ అయ్యేదాకా పళ్ళాలు త్రినాథ్ రుద్దాలి. ఊరికి నీళ్ళు ఆగకూడదు కదా.

భూలోకం తల గోక్కున్నాడు. "మూడోది కొంచెం..."

"మూడోదే ముఖ్యం."

"పెద్దవారు, కాస్త పెద్దమనసు..."

"అది నా దగ్గర లేదు. ఉన్నప్పుడు మీరెవరూ అడగలేదు."

అరిసెలు బాగున్నాయి. అన్నీ తిన్నాను.

కార్తీక శుద్ధ విదియ

త్రినాథ్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, కళ్ళ కింద చారలు. నిచ్చెన ఎక్కి పైకొచ్చాడు. నేను పళ్ళెం రుద్దుతూనే ఉన్నాను.

"మేష్టారూ."

"చెప్పు."

"మీరు రావాలండి."

"ఎందుకు?"

"పుస్తకం నా వల్ల కావడం లేదండి. ఏకంలో పట్టడం లేదు."

"ఏం పట్టడం లేదు?"

"ఊరు. ఊరు దాంట్లో పట్టడం లేదండి."

ఈ మాట వాడి నోటి వెంట వస్తుందని నేను అనుకోలేదు. నిజానికి వాక్యం బాగుంది. నేను రాసి ఉండాల్సింది. గోనెగుడ్డ వాడి చేతికిచ్చాను.

"అంచులు బాగా రుద్దు. ఉప్పు మూలల్లో దాక్కుంటుంది."

నిచ్చెన దిగుతుంటే నా మోకాళ్ళు నొప్పి పెట్టలేదు.

శుద్ధ షష్ఠి

పని మొదలుపెట్టాను. అచ్చు తెప్ప గుమ్మం మీద బోర్డు లేదు. నా పాత అచ్చు యంత్రాన్ని మూల నుంచి లాగి దుమ్ము దులిపాను. ఒక కొత్త ఫైలు తెరిచాను. దానికి తల్లి ఫైలు అని పేరు. అందులో ఊరి గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. పైన పుస్తకం పేరు, అక్షరాల కొలతలు ఉంటాయి. ఆ కింద వరసగా పిలుపులు ఉంటాయి. పురుడు తెప్పని పిలు. బడి తెప్పని పిలు. వేట తెప్పని పిలు. అంతే. యంత్రం ఆ పిలుపుల్ని చదువుకుంటూ ఒక్కో తెప్ప దగ్గరికీ పోయి, అక్కడున్న అధ్యాయాన్ని తెచ్చుకుని పుస్తకంగా పేరుస్తుంది. వరస మారితే పిలుపుల వరస మార్చాలి. అధ్యాయాల్ని ఎవరూ తాకనక్కర్లేదు.

పూర్వం తాటాకుల కట్టకు నడిమధ్య చిల్లు పొడిచి ఒకే దారం గుచ్చేవారు. ఏ ఆకు అవసరమైతే ఆ ఆకు తీసి తిరగరాసేవారు. కట్ట కట్టగానే ఉండేది. మా ఊరు తాళ్ళతో కట్టుకున్న ఊరు. దానికి దారమే కావాలి, ముద్ద చేసే యంత్రం కాదు. ఈ ముక్క చెప్పినందుకే నన్ను పాతకాలపు మనిషి అన్నారు.

ప్రతి తెప్ప నుంచీ ఒకరొచ్చి కూర్చున్నారు. ఎవరి అధ్యాయంలో నంబర్లు వాళ్ళే చెరిపి ఆనవాళ్ళు రాసుకుంటున్నారు. సత్యవేణి ముందే చేసుకుని వచ్చింది కాబట్టి మిగతావాళ్ళకు నేర్పుతూ తిరుగుతోంది. నాకన్నా ఎక్కువ తిడుతోంది.

నూకరాజు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూలాలు రాసుకున్న చిన్న ఫైలునే వాడు పెట్టె అంటాడు.

"మేష్టారూ, అధ్యాయం అంటే ఇత్తాను. మా మూలాల పెట్టె మాత్రం ఇవ్వనండి. మా వేట గుర్తులన్నీ దాంట్లో ఉన్నాయి. అందరి పెట్టెలూ కలిపేత్తే మాదేదో మీదేదో ఎవడికి తెలుత్తాది?"

"నీ పెట్టె నాకెందుకయ్యా?"

"మరి కలపాలి కదండి."

"అక్కర్లేదు. పెట్టె నీ తెప్ప మీదే ఉంచుకో. తాళం కూడా వేసుకో. నువ్వు అధ్యాయంలో ఏ ఆనవాలు పిలిచావో ఆ ఒక్కదాన్నే యంత్రం అడుగుతుంది. మిగతావి దానికి అక్కర్లేదు. నీ అధ్యాయం చివర నీ జాబితా నీకే వేస్తుంది."

నూకరాజు చేతులు విప్పాడు. "అంటే మా పుస్తకం మాకు విడిగా కూడా వత్తాదా?"

"ఒక్క నీ పిలుపు మాత్రమే ఉంచి నడిపితే నీ అధ్యాయం ఒక్కటే వస్తుంది."

"మరి త్రినాథ్ గారు ఇవన్నీ ఇచ్చేయమన్నారేంటండి?"

"పైన పళ్ళాలు రుద్దుతున్నాడు. వెళ్ళి అడుగు."

వెళ్ళి అడిగాడట కూడా. ఏం జవాబు వచ్చిందో నాకు చెప్పలేదు గానీ, దిగి వచ్చి నంబర్లు చెరపడం మొదలెట్టాడు.

శుద్ధ దశమి

ఇవాళ చరిత్ర కామేశం వచ్చాడు. జోస్యుల కామేశం అసలు పేరు. ఊరి చరిత్రకారుడు. నన్ను దించిన సభలో "ముసలి యంత్రం, ముసలి మేష్టారు" అని పద్యం చదివి శాలువా కప్పించుకున్నవాడు. పుస్తకం మొదట్లో తన "పట్నం పుట్టుక" అధ్యాయం ఉండాలన్నాడు.

"మూలాలేవీ?" అన్నాను.

"పెద్దలు చెప్పగా విన్నానండి."

"ఏ పెద్దలు?"

"అబ్బే, పరంపరగా..."

"శోధకికి పరంపర తెలియదు. పేరు, సంవత్సరం, దస్తావేజు కావాలి."

"కవిత్వానికి కూడా రుజువులా మేష్టారూ?"

"ఇది కవిత్వమైతే ఇక్కడెందుకు పెడుతున్నావు? చరిత్రైతే రుజువు చూపించు."

ఎర్రబడ్డాడు. "నా అధ్యాయం చెరిపేస్తారా? సభలో అడుగుతాను!"

చెరపలేదు. చెరిపితే చరిత్రలో అమరుడైపోతాడు. తల్లి ఫైలులో అతని పిలుపు ముందు ఒక చిన్న గుర్తు పెట్టాను. ఆ గుర్తు ఉన్న పిలుపును యంత్రం చూడనట్టు దాటిపోతుంది. అధ్యాయం అలాగే ఉంటుంది, అక్షరం చెక్కుచెదరదు, పుస్తకంలోకి మాత్రం రాదు. మూలాలు దొరికిన రోజున గుర్తు తీసేస్తే చాలు. ఈ మాటే అతనితో ఎంతో మర్యాదగా చెప్పాను. చదువుకున్న శత్రువు మీద ఇంత శుభ్రంగా గెలిచే అవకాశం మళ్ళీ రాదు.

సాయంత్రానికి పుస్తకం మొత్తం ఒకసారి వచ్చింది. సత్యవేణి తన అధ్యాయంలో మొదటి పేజీ మీద వేలు పెట్టి, నంబరు పట్టుకుని, అధ్యాయం చివరి జాబితా దాకా పోయింది. పురుళ్ళ రిజిస్టరు. మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోటి పట్టుకుంది. సరిపోయింది. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచింది.

కార్తీక పౌర్ణమి

మండలి విచారణాధికారి మృణాళిని పోటు ఎక్కే వేళకు లాంచీలో వచ్చింది. శోధకిని వెంట తెచ్చింది. తల్లి తెప్ప మీద ఊరంతా చేరింది. త్రినాథ్ కూడా ఉప్పు చేతులతో వచ్చి వెనక నిలబడ్డాడు.

ఆమె కూర్చోకుండానే ఒక ఆదేశం చదివింది. "ఇసుక తవ్వే ఓడ ఈ పూట ఇటు వస్తోంది. తల్లి తెప్పను ఆనుకున్న తెప్ప దాని దారికి అడ్డం. వెంటనే తీసి అవతలి కొసకు కట్టండి."

ఆనుకున్నది పురుడు తెప్పే. నూకరాజు మనుషులు గెడలు వేసి దాన్ని చుట్టూ తిప్పి ఆ కొసన కట్టారు. మృణాళిని నా వైపు చూసింది.

"మీ ఊళ్ళో కట్టిన వరసే పుస్తకం వరస అని విన్నాను."

"అవునండి."

"అయితే మీరు తెచ్చిన ప్రతి ఇప్పుడు చెల్లదు. వరస మార్చి, పాత లెక్కలన్నీ తుడిచేసి, నా కళ్ళ ముందు మొదటి నుంచి చేయండి. మండలి నియమం."

జనంలో గోల. "ఇప్పుడా? ఇక్కడా?" అని భూలోకం నోరెళ్ళబెట్టాడు. పోయిన నెల ఇదే వరస మార్పు ఊరిని నిలువునా ముంచింది మరి.

నేను తల్లి ఫైలు తెరిచాను. పురుడు తెప్ప పిలుపును పట్టుకుని అట్టడుగుకు దించాను. యంత్రంలో పాత లెక్కలు తుడిచేసి నడిపాను.

పుస్తకం తెర మీదికొచ్చింది. ప్రతి వాక్యం పక్కనా నంబరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం ఉంది. ఒక పేజీ కాదు, అన్ని పేజీలూ. బడి పక్కన ప్రశ్నార్థకం. వేట పక్కన ప్రశ్నార్థకం. క్షేమంగా ఉన్న తల్లుల పక్కన ప్రశ్నార్థకం.

"ఇదేమిటి?" అంది మృణాళిని. "ఒక్క మూలమూ లేదే?"

"మేష్టారూ!" అని నూకరాజు కేక.

వెనక నుంచి త్రినాథ్ ముందుకు తోసుకొచ్చాడు. "ఇదేనండి! అప్పుడు కూడా ఇదే వచ్చింది. ఆయన యంత్రంలో అన్నీ ప్రశ్నలే వస్తాయి, నేను సభలో చూపించేను!"

అవును, చూపించాడు. నన్ను దించిన రోజున జరిగింది అదే. నా యంత్రాన్ని సభ ముందు ఒక్కసారి నడిపి, ఆ ప్రశ్నార్థకాలు తెర మీద పెద్దవి చేసి, మీట కట్టేశాడు. "ఊరికి జవాబులు కావాలి, మేష్టారి దగ్గర ప్రశ్నలున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను మాట్లాడనివ్వలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా నేను నోట్లో పెట్టుకుని తిరిగిన జవాబు ఇప్పుడు చెప్పాను. గొంతు కూడా పెంచలేదు.

"త్రినాథ్, నువ్వు అప్పుడు ఎన్నిసార్లు నడిపావు?"

"ఒక్కసారే."

"నేను నీకు ఎన్నిసార్లు నడపమని నేర్పాను?"

వాడికి గుర్తొచ్చింది. మొహం చూస్తే తెలిసింది. ఇన్నేళ్ళూ వాడు మోసం చేశాడనుకున్నాను. కాదు, మర్చిపోయాడు. మోసగాడైతే కాస్త గౌరవించేవాణ్ణి.

"అమ్మా, కూర్చోండి" అన్నాను మృణాళినితో. "మొదటిసారి నడిపినప్పుడు ఏ అధ్యాయం ఏ ఆనవాలును పిలుస్తోందో యంత్రం రాసుకుంటుంది. ఇంకా ఎవరికీ జవాబు తెలియదు, అందుకే ప్రశ్నార్థకం పెడుతుంది. తెలియనప్పుడు తెలియదనే చెబుతుంది. నాకు ఈ యంత్రంలో నచ్చిన గుణం అదే. మనుషులకు లేదు."

యంత్రాన్ని పెట్టెల దగ్గరికి పంపాను. ఒక్కో తెప్ప పెట్టె తెరుచుకుని, పిలిచిన మూలాన్ని ఇచ్చి, మూసుకుంది. రెండోసారి నడిపాను. అధ్యాయాల చివర జాబితాలు వచ్చి కూర్చున్నాయి. ఏ ఆనవాలుకు ఏ నంబరో యంత్రం ఇప్పుడే రాసుకుంది, ప్రశ్నార్థకాలు ఇంకా ఉన్నాయి. ఎవరో ఏడుపు మొదలెట్టారు. మూడోసారి నడిపాను.

ప్రశ్నార్థకాలు పోయాయి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నంబర్లు.

మృణాళిని పుస్తకాన్ని శోధకిలో పెట్టింది. బడి తెప్ప, చెల్లింది. వేట తెప్ప, చెల్లింది. "అమ్మయ్య, బాలింతని కాదు" అన్నాడు నూకరాజు, ఎవరూ నవ్వలేదు. ఉప్పు తెప్ప, చెల్లింది. తాళ్ళ తెప్ప, చెల్లింది. పురుడు తెప్ప ఇప్పుడు చివర ఉంది కాబట్టి అందరూ అయ్యేదాకా సత్యవేణి నిలబడే ఉంది. చీర కొంగు గట్టిగా పిడికిట్లో పట్టుకుంది.

శోధకి ఆ అధ్యాయం మీద మిగతావాటికన్నా ఎక్కువసేపు తీసుకుంది. పురుళ్ళు ఎక్కువ కదా, మూలాలూ ఎక్కువే.

"పురుడు తెప్ప," అని చదివింది మృణాళిని. "ప్రతి వాక్యానికీ మూలం ఉంది. చెల్లింది. లంగరు హక్కు మంజూరు."

ఆ తర్వాత ఎవరు ఏం అరిచారో రాయడం నా వల్ల కాదు. భూలోకం నన్ను ఎత్తుకోబోయాడు, వద్దన్నాను. కామేశం పద్యం మొదలెట్టబోయాడు, అదీ వద్దన్నాను. త్రినాథ్ నా ముందుకొచ్చి చేతులు జోడించాడు. నేను తిరిగి జోడించలేదు. ఆనందంగా ఉన్నప్పుడు కూడా నేను నేనే.

మృణాళిని వెళ్ళేముందు పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "మా మండలిలో కూడా ఏకమే వాడుతున్నామండి. మాకూ ఇదే బాధ. మీరు ఒకసారి వచ్చి చూస్తారా?"

"దరఖాస్తు పెట్టుకోండి" అన్నాను. "మూలాలు జతచేసి."

పోటు నిండుగా ఎక్కింది. ఆ కొసన సత్యవేణి, నూకరాజు, ఇంకో నలుగురు కలిసి కొత్త లంగరును అంచు మీంచి తోశారు. గొలుసు గలగలమంటూ చాలాసేపు దిగింది. ఒక్క కుదుపుతో తెప్ప ఆగింది. లంగరు నేలను పట్టుకుంది. "పట్టిందండి బాబాయ్!" అని సత్యవేణి ఆ కొస నుంచి అరిచింది.

ఇదంతా నేను గెలిచాననే రాస్తున్నాను. కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళ మూలం చూపించమనండి.